నందితో ఆగిపోకండి

చిక్కబళ్ళాపురం జిల్లాలో కొండ అనగానే అందరికీ గుర్తొచ్చేది నందే. సెలవునాడు తెల్లారకముందే ఘాట్ రోడ్డు మీద బండ్ల బారు! 1,478 మీటర్ల కొండకు దాదాపు పైదాకా బండి పోతుంటే అది షికారే గానీ నడక కాదు. చింతామణి దగ్గరి అంబాజీదుర్గం, బాగేపల్లి వైపు గుమ్మనాయకనపాళ్యం కోట ఒక్క పూట నడకకు సరిపోతాయి. కాలు జారే నున్నటి బండ, దాని పక్కన దొనలో నిలిచిన వాననీళ్ళు బండి దిగనివాడికి కనబడవు. మనుషులొస్తే చెత్తా వస్తుందంటారు. నిజమే, కానీ అది గుంపుల వల్ల. సంచి భుజాన వేసుకుని నడిచే ఇద్దరు ఖాళీ సీసాలు వెనక్కి తేగలరు. ఒంటరిగా పోవచ్చుగా అంటారా, ఆ బండ మీద చెయ్యందించే మనిషి ఉండాలి. పెన్న పుట్టిందీ నంది కొండల వరసలోనే, కాబట్టి నెల్లూరి పాఠకులకూ ఇవి పరాయివి కావు. స్నేహితుణ్ణి వెంటేసుకుని బయల్దేరండి. ఇదే జిల్లాలోని స్కందగిరి కొండకైతే టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.