మృదంగం గురువు పల్లెకు రావాలి

వినుకొండ: 2021లో పద్మశ్రీ పురస్కారాలు ప్రకటించినప్పుడు మన రాష్ట్రం నుంచి ఒక మృదంగ విద్వాంసురాలి పేరు అందులో ఉంది. ఆమె నిడుమోలు సుమతి. దండమూడి సుమతి రామమోహనరావు అంటే సంగీతాభిమానులు వెంటనే గుర్తుపడతారు. ఆడపిల్ల మృదంగం పట్టి దేశం మెప్పు పొందినందుకు అందరూ సంతోషించారు. ఆ మెప్పుకు పునాది ఎక్కడ పడిందో పల్నాటి తల్లిదండ్రులు, విద్యాశాఖ అధికారులు ఒక్కసారి ఆలోచించాలి.

సుమతి 1950లో ఏలూరులో పుట్టారు. సంగీత కుటుంబం. తండ్రి రాఘవయ్య గారే తొలి గురువు. పదేళ్ల ప్రాయంలోనే ఆమె కచేరీలో కూర్చున్నారు. ఆ వయసు పిల్లకు మృదంగం తేలిక వాద్యమేమీ కాదు. పనస కట్టెను తొలిచి, రెండు వైపులా తోలు మూతలు వేసి, వార్లతో బిగించి కడతారు. కుడి మూత మీద నల్లని కరణ ఉంటుంది. ఎడమ మూతకు కచేరీ ముందు తడి రవ్వ ముద్ద అంటించి నాదం సరిచూసుకోవాలి. త, ధి, తొం, నం అనే నాలుగు దెబ్బలతో పాఠం మొదలవుతుంది. ఈ నాలుగూ చేతికి కుదరడానికే నెలలు పడుతుంది. వేలు ఎక్కడ పడాలో, మణికట్టు ఎంత వదులుగా ఉండాలో పక్కన కూర్చుని దిద్దేవారు ఉండాలి. సెల్‌ఫోనులో చూసి కొంత అనుకరించవచ్చు గాని, తప్పు పడిన వేలిని సెల్‌ఫోను సరిచేయదు.

పైగా ఆడవారు పాడితే, వీణ పడితే ఒప్పుకున్న లోకం మృదంగం దగ్గరకు వచ్చేసరికి మొహం చిట్లించేది. తమిళదేశంలో తిరుకోకర్ణం రంగనాయకి అమ్మాళ్ (1910-1998) ఆ గీత ముందే దాటినా, పట్టింపు మాత్రం పోలేదు. అటువంటి కాలంలో సుమతికి ఇంట్లో తండ్రి, ఆపైన విజయవాడ ఆకాశవాణి మృదంగ విద్వాంసులు దండమూడి రామమోహనరావు గురువులుగా దొరికారు. తర్వాత ఆ గురువే భర్త అయ్యారు. ఇద్దరూ ఒకే వేదిక మీద మృదంగం వాయించేవారు. ఆమె విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలలో అధ్యాపకురాలై తాను నేర్చింది పదిమందికి నేర్పారు. ప్రతిభ ఎంత ఉన్నా, చేరువలో గురువు, ఆదరించే ప్రభుత్వ కళాశాల లేకపోతే ఆ పిల్ల కథ ఏలూరులోనే ఆగిపోయేదేమో!

వినుకొండ పరిసరాల పిల్లల చేతుల్లో లయ లేదని ఎవరనగలరు? కోటప్పకొండకు ప్రభలు కదిలినప్పుడు, కారెంపూడి వీరుల తిరునాళ్లలో, తొలి ఏకాదశికి మన కొండ కింద చూస్తే తెలుస్తుంది. ఎండుగడ్డి మంట మీద డప్పు కాచి, వేలితో తట్టి బిగువు చూసుకునే కుర్రవాడికి చెవి ఎంత చురుకైనదో వేరే చెప్పాలా? మృదంగం మూతకు తోలు సిద్ధం చేసే చేతులు ఎవరివో అందరూ ఎరుగుదురు. ఆ ఇళ్ల బిడ్డలకు మృదంగం పాఠం చెప్పాలన్న ఊహ మాత్రం ఎందరికో రాదు. 1895లో ఇదే వినుకొండలో పుట్టిన జాషువా మహాకవి జయంతికి దండలు వేసే పెద్దలు ఈ సంగతి గమనించాలి.

వినుకొండ నుంచి విజయవాడకు నూరు కిలోమీటర్ల పైమాటే. పదేళ్ల పిల్లను రోజూ రైలెక్కించి పంపగలిగే కూలి కుటుంబం ఏది? 2022లో పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట కేంద్రమై, కలెక్టరు కార్యాలయం దగ్గరైంది. అర్జీ పెట్టుకోవడం సులువైంది గదా, ఈ అర్జీ కూడా పెట్టాలి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఒక గది, నాలుగు మృదంగాలు, వారానికి రెండు సాయంత్రాలు వచ్చే గురువు ఉంటే చాలు. సంగీత కళాశాలల్లో డిప్లమా పుచ్చుకున్న యువతీ యువకులకు అదొక ఉపాధి. వార్షికోత్సవాల మైకుసెట్లకు, షామియానాలకు అయ్యే ఖర్చు ముందు ఇది ఏపాటి? మూతలు మార్పించడానికి ఏటా కొంత సొమ్ము విడిగా ఉంచాలి, లేకుంటే చినిగిన మృదంగాలు బీరువా మీద చేరతాయి.

చేర్చుకునే పిల్లల్లో సగం మంది ఆడపిల్లలు ఉండాలి. ఊరి డప్పు కళాకారుణ్ణి కూడా వారానికొక రోజు పిలిచి, పిల్లలకు దరువులు నేర్పించి, మృదంగం గురువుకు ఇచ్చినంత వేతనమే ఆయనకూ ఇవ్వాలి.