మన్యం యుద్ధం: కట్టని చిట్టా

చింతపల్లి: సరుకు ఎత్తినవాడు చీటీ రాసి సంతకం పెట్టడం వర్తక మర్యాద. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనులో ఈ మర్యాద పాటించినది దాడికి వచ్చిన పక్షమే. 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు పట్టుకుపోతూ, ఏది ఎంత తీసుకున్నదీ స్టేషను రికార్డులో రాసి అల్లూరి సీతారామరాజు సంతకం చేశారు. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి స్టేషన్ల వంతు వచ్చింది.

ఇంత ఖచ్చితమైన చీటీ రెండవ పక్షం నుంచి రాలేదు. మలబార్ స్పెషల్ పోలీసులను, తర్వాత అస్సాం రైఫిల్సును మన్యానికి ఎక్కించడానికి మద్రాసు ప్రభుత్వం చెప్పిన కారణం ఫితూరీ అణచివేత, శాంతిభద్రతల రక్షణ. ఈ పనికి రూ. 40 లక్షలకు పైగా ఖర్చయిందని చెబుతారు. నాటి రూపాయి విలువ తెలిసిన పాత పెద్దలకు ఈ అంకె బరువు వేరే చెప్పనక్కరలేదు.

అసలు ఫితూరీ ఎందుకు లేచింది? 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకు అడ్డు పడింది. ముఠాదారుల పాత అధికారాలు పోయాయి. ఆపైన నర్సీపట్నం నుంచి కొండమీదికి రోడ్డు పని. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనుల చేత వెట్టికి, అరకొర కూలికి ఈ పని చేయించాడు. కూలిలో మిగిల్చినది ఎంత, దండుకు పోసినది ఎంత అని ఎవరైనా పద్దు పక్కన పద్దు వేసి చూస్తే బేరం ఎటు నష్టమో తేలిపోయేది. లంబసింగి ఘాటు మీదుగా కాఫీ, మిరియాలు, పసుపు దించుకుంటున్న వర్తకులు కూడా ఒకసారి గుర్తుంచుకోదగిన సంగతి ఇది.

స్టేషన్లు దోచుకుంటే ఏ ప్రభుత్వం ఊరుకుంటుందన్న వాదన ఉంది. కాదనలేనిది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు కూడా. కాని బలగాన్ని పంపడానికి కారణం ఉండడం వేరు, చెప్పిన కారణమే పూర్తి కారణమని నమ్మించడం వేరు. శాంపిలు ఒకటి చూపి బస్తాలో మరొకటి పోస్తే కాటా దగ్గరే సరుకు తిప్పి పంపుతారు. యుద్ధంలో ఆ వీలు లేదు. సరుకు దిగాక బస్తా విప్పేవాడే ఉండడు.

1924 మే 7న కొయ్యూరు వద్ద రాజును పట్టుకుని కాల్చివేశారు. పారిపోబోతుండగా కాల్చవలసి వచ్చిందన్నది సర్కారు కథనం. విచారణ లేదు, కోర్టు లేదు.

అదే బ్రిటన్ ఎనిమిది దశాబ్దాల తర్వాత వేరొక దారి పట్టవలసివచ్చింది. 2003లో ఇరాక్ మీదికి వెళ్లడానికి అక్కడి సామూహిక విధ్వంసక ఆయుధాలను కారణంగా చూపింది. ఆయుధాలు దొరకలేదు. 2009లో నియమించిన చిల్కాట్ విచారణ సంఘం 2016 జూలై 6న నివేదిక ఇచ్చింది. ఆయుధాల గురించి ప్రభుత్వం చూపిన నిశ్చయానికి తగిన ఆధారం లేదని, యుద్ధం చివరి మార్గం కాదని తేల్చింది. ఆలస్యమే. ఎవరికీ శిక్ష పడలేదు. అయినా చెప్పిన మాటను, జరిగిన పనిని పక్కపక్కన పెట్టి చూశారు.

ఏడాది చివర పుస్తకాలు ఆడిటరు ముందు పెట్టని దుకాణదారు ఉండడు. ప్రభుత్వ ఖర్చును కాగ్ తనిఖీ చేస్తుంది, ఖర్చుకు చెప్పిన కారణం నిజమా అన్నది ఆ తనిఖీకి పూర్తిగా అందదు. బలగాలు ఎక్కడికి కదిలినా, ఏ కారణం చెప్పి కదిపారో ఆ కాగితాన్ని పని ముగిశాక చట్టసభ ముందు పెట్టాలని, దాని పక్కన అయిన ఖర్చు, పోయిన ప్రాణాలు రాయాలని వర్తక సంఘాలు అడగవచ్చు. పన్ను కట్టేవారిలో వారూ ఉన్నారు. ఘాటు మూసుకుపోయిన రోజున మొదట నిలిచిపోయేది వారి లారీయే.