బడి మారితే వీసా ఏమవుతుంది?

ఆమడగూరు: గల్ఫులో పాఠాలు చెప్పబోయే మన ప్రాంతపు బి.ఎడ్. పట్టభద్రులు జీతమెంతో అడుగుతున్నారే గాని, బడి మారవలసివస్తే వీసా సంగతేమిటని విచారించడం లేదు. అక్కడ నివాసానుమతి యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. లోగడ ఆయన అంగీకారపత్రం లేనిదే మరో బడికి మారే వీలుండేది కాదు. ఖతార్ 2020లో ఈ నిబంధన ఎత్తివేసింది. రెండేళ్లలోపు సర్వీసైతే ఒక నెల, ఆపైనైతే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. చెప్పకుండా మానేస్తే మాత్రం పారిపోయినట్లు యజమాని ఫిర్యాదు చేయవచ్చు. చట్టం మారినా పగ్గాలు ఆయన చేతినుంచి పూర్తిగా జారలేదన్నమాట. సౌదీ 2021 మార్చిలో, ఏడాది పనిచేసినవారు యజమాని అనుమతి లేకుండానే మారేందుకు వీలు కల్పించింది. అయితే ఆ సంస్కరణను ఇంటి పనివారికి, ఇంటి డ్రైవర్లకు వర్తింపజేయలేదు. కదిరి, కడప ప్రాంతాలనుంచి వెళ్లినవారిలో వీరూ చాలామందే ఉన్నారు.