గెలిచిన రోజు హుందాగా ఉంటే నష్టమా? 151 నుంచి 11 దాకా ఏపీ చెబుతున్న కథ ఇదీ!

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. ఏపీ రాజకీయాల్లో గెలిచినవాళ్ల ఏడుపు ఐదేళ్ల తర్వాత మొదలవుతోంది. 2019లో 151 సీట్లు కొట్టిన వైసీపీ 2024లో 11కి పడిపోయింది. 23 సీట్లతో మూలకు చేరిన టీడీపీ.. జనసేన, బీజేపీతో కలిసి 164 సీట్లతో తిరిగొచ్చింది. ఇంత పెద్ద గెలుపులు, ఇంత పెద్ద ఓటములు వరుసగా చూసిన రాష్ట్రంలో ఒక ప్రశ్న మిగిలిపోయింది. గెలిచిన నాయకుడు ఓడినవాళ్ల పట్ల హుందాగా ఉండాలా? లేక 'మా టైమొచ్చింది' అని పాత లెక్కలన్నీ తేల్చేయాలా?

కార్యకర్తను అడిగితే తొడగొట్టి మరీ రెండోదే అంటాడు. ఐదేళ్లు కేసులు మోసిన వాడికి, దెబ్బలు తిన్న వాడికి గెలిచిన రోజు గుర్తొచ్చేది హుందాతనం కాదు. మరి నాయకుడూ అలాగే ఆలోచిస్తే ఏమవుతుంది? అదే ఇక్కడ చూడాల్సిన విషయం.

అసలు ఓడింది ఎవరు?

సీట్లు చూస్తే సునామీ. ఓట్లు చూస్తే కథ వేరు. 2019లో చిత్తుగా ఓడిన టీడీపీకి వచ్చిన ఓట్లు 39.17 శాతం. 2024లో అంతకంటే చిత్తుగా ఓడిన వైసీపీకి వచ్చినవి 39.37 శాతం. దాదాపు ఒకటే లెక్క! అంటే రెండుసార్లూ ఓటేసిన ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు ఓడిన పక్షం వైపే ఉన్నారు. 2024లో వైసీపీకి పడ్డ ఓట్లు కోటీ 30 లక్షలకు పైనే.

వీళ్లెవరూ వేరే రాష్ట్రం వాళ్లు కాదు. అదే ఊళ్లో ఉంటారు, అదే సచివాలయానికి వెళ్తారు, అదే రేషన్ షాపు ముందు నిలబడతారు. గెలిచిన నాయకుడి మాట, మొదటి నెలలో చేసే పని.. వీళ్లకు ఒక సంకేతం. 'ఈ ప్రభుత్వం నాది కూడానా, కాదా?' అన్నది వాళ్లు అప్పుడే తేల్చుకుంటారు. హుందాతనం అనగానే ఓడిన నాయకుడికి కరచాలనం, శాలువా గుర్తొస్తాయి. కానీ దాని అవసరం ఆ నాయకుడి కంటే ఆయనకు ఓటేసిన వాళ్లకే ఎక్కువ.

2019 జూన్.. రెండు వారాల్లో రెండు ముఖాలు

2014-19 మధ్య 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు. కొందరు మంత్రులు కూడా అయ్యారు. అందుకే 2019లో టీడీపీకి సరిగ్గా 23 సీట్లే రావడం దేవుడు రాసిన స్క్రిప్ట్ అని జగన్ తమ శాసనసభా పక్ష సమావేశంలో అన్నారు. గెలిచిన వాడి ఎత్తిపొడుపు అది. అర్థం చేసుకోవచ్చు.

ఆ తర్వాత జూన్ 13న అసెంబ్లీలో ఆయన మాట్లాడిన తీరు వేరు. టీడీపీ నుంచి ఐదుగురిని లాగేస్తే చంద్రబాబుకు ప్రతిపక్ష హోదా కూడా ఉండదని, కానీ తాను ఆ పని చేయనని చెప్పారు. ఎవరైనా తమ పార్టీలోకి రావాలంటే పదవికి రాజీనామా చేసి రావాలన్నారు. 151 సీట్ల ముఖ్యమంత్రి నోట ఆ మాట వినడం కొత్తగానే అనిపించింది.

రెండు వారాలు కూడా తిరగలేదు. ఉండవల్లిలోని ప్రజావేదికను తనకు కేటాయించాలని ప్రతిపక్ష నేతగా చంద్రబాబు అడిగారు. జగన్ అక్కడే కలెక్టర్ల సదస్సు పెట్టి, దాన్ని కూల్చేస్తున్నామని అక్కడే ప్రకటించారు. జూన్ 25 రాత్రి కూల్చివేత మొదలైంది. అక్రమ కట్టడం అన్నది ప్రభుత్వ వాదన. నదీ తీరం నిబంధనల ప్రకారం చూస్తే ఆ వాదనలో బలం లేదని చెప్పలేం. కానీ కరకట్ట మీద అక్రమ నిర్మాణాల తొలగింపు ఇక్కడి నుంచే మొదలన్నారు. మిగతావి చాలావరకు అలాగే ఉండిపోయాయి. జనానికి గుర్తుండిపోయింది జేసీబీ మాత్రమే.

ఇక ఫిరాయింపుల మాట? టీడీపీ నుంచి నలుగురు ఎమ్మెల్యేలు వైసీపీ వైపు జరిగారు. రాజీనామాలు లేవు. కండువాల్లేకుండా 'మద్దతు' అన్నారంతే. తేడా ఏంటో ఓటరుకు మాత్రం అర్థం కాలేదు.

2024 జూన్.. ఒక్క రోజు తేడాతో!

2021 నవంబర్ 19న చంద్రబాబు అసెంబ్లీ నుంచి బయటికొచ్చారు. తన కుటుంబాన్ని కించపరిచారని, ఇది కౌరవ సభ అని, మళ్లీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని శపథం చేశారు. 2023లో అరెస్టయి రాజమండ్రి జైల్లో 50 రోజులకు పైగా ఉన్నారు. అలాంటి మనిషి 2024 జూన్ 21న సీఎంగా సభలోకి వచ్చారు. అదే రోజు జగన్ మామూలు ఎమ్మెల్యేగా ప్రమాణం చేయాలి.

ఆ రోజు జరిగింది చిన్న విషయమే, కానీ చెప్పుకోదగ్గది. జగన్ కారును అసెంబ్లీ ప్రాంగణంలోకి రానిచ్చారు. మిగతా ఎమ్మెల్యేలతో పాటు అక్షర క్రమంలో కాకుండా, మంత్రుల తర్వాత వెంటనే ప్రమాణం చేసే వీలు కల్పించారు. మాజీ ముఖ్యమంత్రికి ఇచ్చే మర్యాద ఇచ్చారు.

మర్నాడు తెల్లవారుజామున? తాడేపల్లిలో కడుతున్న వైసీపీ కేంద్ర కార్యాలయాన్ని కూల్చేశారు. అనుమతుల్లేవని అధికారులు, కోర్టు మాట కాదని కూల్చారని వైసీపీ. ప్రజావేదిక ఉన్న ఉండవల్లికి, ఈ తాడేపల్లికి మధ్య దూరం ఎంతో కాదు. ఐదేళ్ల తేడాతో అదే జూన్, అదే పొక్లెయిన్, అవే వాదనలు.. పార్టీలే మారాయి.

రెండు కూల్చివేతలూ చట్టబద్ధమే అనుకుందాం. అప్పుడూ ఒక డౌట్ మిగులుతుంది. చట్టం నిద్రలేచేది ఓడినవాళ్ల గోడ దగ్గరే ఎందుకు? గెలిచిన నెల రోజుల్లోపే ఎందుకు? కక్ష సాధింపు అన్న ముద్ర పడేది పని వల్ల కంటే టైమింగ్ వల్లే ఎక్కువ.

ఐదు రూపాయల భోజనం

భవనాల గొడవ నాయకులది. భోజనం గొడవ అలా కాదు. తమిళనాడులో జయలలిత పెట్టిన అమ్మ క్యాంటీన్ల బాటలోనే ఏపీలో 2018 జులైలో అన్న క్యాంటీన్లు వచ్చాయి. ఐదు రూపాయలకు భోజనం. ఆటో డ్రైవర్లు, హమాలీలు, ఆసుపత్రికి వచ్చిన వాళ్ల బంధువులు అక్కడ తిన్నారు. 2019లో ప్రభుత్వం మారాక అవి మూతపడ్డాయి. తిరిగి తెరుచుకున్నది 2024 ఆగస్టు 15న, గుడివాడలో. మధ్యలో ఐదేళ్లు ఆ కంచం లేదు. అక్కడ తిన్నవాళ్లలో వైసీపీకి ఓటేసిన వాళ్లు లేరా? ఎవరూ లెక్కపెట్టలేదు.

కూటమి ప్రభుత్వం వచ్చాక వాలంటీర్ల వ్యవస్థ పోయింది. ఎన్నికలకు ముందు కొనసాగిస్తామని, నెలకు 10 వేలు ఇస్తామని చెప్పిన మాట నిలవలేదు. ఇంటింటికీ రేషన్ బళ్లు 2025 జూన్ నుంచి ఆగిపోయాయి. వీటిని అన్న క్యాంటీన్లతో ఒకే గాటన కట్టలేం. పింఛన్లు సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తున్నారు, రేషన్ షాపులో దొరుకుతోంది. పథకాన్ని మార్చే హక్కు గెలిచిన ప్రభుత్వానికి ఉంటుంది, దానికే ఓటేశారు కూడా. పాతది తీసేస్తే దాని బదులు ఏం పెట్టారన్నదే ప్రశ్న. క్యాంటీన్ల విషయంలో ఆ బదులే లేకుండా పోయింది.

పేర్ల మార్పిడి సంగతి సరేసరి. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ 2022లో వైఎస్సార్ పేరుకు మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. ఈలోపు చదివి బయటపడ్డ డాక్టర్ల సర్టిఫికెట్ల మీద ఏ పేరుందో వాళ్లకే తెలియాలి.

చెన్నైలో ఏం చేశారు?

హుందాగా ఉంటే కేడర్ ఊరుకోదు, చేతకానితనం అనుకుంటారు.. ఇది నాయకులు చెప్పే సాకు. పక్క రాష్ట్రం చూస్తే అది నిలబడదు.

తమిళనాడులో పగ మామూలుది కాదు. 1989లో అసెంబ్లీలో తనకు అవమానం జరిగిందని జయలలిత బయటికొచ్చి, 1991లో సీఎంగానే తిరిగి వెళ్లారు. 2001లో ఆమె హయాంలో కరుణానిధిని అర్ధరాత్రి ఇంట్లో నుంచి లాక్కెళ్లి అరెస్టు చేశారు. ఆ కరుణానిధి కొడుకు స్టాలిన్ 2021లో గెలిచారు. ఇంకా ప్రమాణం కూడా చేయకముందే చెన్నైలో డీఎంకే వాళ్లు ఒక అమ్మ క్యాంటీన్‌పై పడి బోర్డులు పీకేశారు. వాళ్లను పార్టీ నుంచి తీసేసి, బోర్డులు మళ్లీ పెట్టించాలని స్టాలిన్ ఆదేశించారు. క్యాంటీన్లు ఆగలేదు, పేరూ మారలేదు. ప్రమాణ స్వీకారానికి అన్నాడీఎంకే నేత పన్నీర్ సెల్వం వచ్చారు. కోవిడ్‌పై వేసిన అఖిలపక్ష ఎమ్మెల్యేల కమిటీలో అన్నాడీఎంకే ఆరోగ్యశాఖ మాజీ మంత్రి విజయభాస్కర్‌ను పెట్టారు. జయలలిత, పళనిస్వామి బొమ్మలతో అచ్చయిన స్కూలు బ్యాగుల్ని పారేయకుండా పిల్లలకు అలాగే పంచారు. దాని వల్ల 13 కోట్లు మిగిలాయని అక్కడి విద్యాశాఖ మంత్రి చెప్పారు.

ఆగండి, కథ అక్కడితో అయిపోలేదు. అదే ఏడాది ఆగస్టులో అన్నాడీఎంకే మాజీ మంత్రి వేలుమణి ఇంట్లో విజిలెన్స్ సోదాలు జరిగాయి. స్కూలు బ్యాగు మీద బొమ్మ ఉంచినంత మాత్రాన కేసులు వదిలేయాలని లేదు. రెండూ వేర్వేరు పనులు. తెలుగు రాష్ట్రాల్లో ఈ రెంటినీ కలిపేయడం వల్లే హుందాతనం అంటే 'రాజీ' అన్న అర్థం వచ్చేసింది.

హైదరాబాద్‌లో మంచి మొదలు.. తర్వాత?

2023 డిసెంబర్‌లో తెలంగాణలో కాంగ్రెస్ 64, బీఆర్ఎస్ 39. ఓట్ల తేడా కేవలం రెండు శాతం. ప్రచారంలో రేవంత్ రెడ్డి, కేసీఆర్ ఒకరినొకరు అన్న మాటలు ఇక్కడ రాయక్కర్లేదు. గెలిచిన వారంలోనే కేసీఆర్ తుంటి ఎముక విరిగి యశోద ఆసుపత్రిలో చేరారు. డిసెంబర్ 10న సీఎం హోదాలో రేవంత్ వెళ్లి పలకరించారు, త్వరగా కోలుకుని సభకు రావాలని కోరారు. ఆ వీడియో రెండు పార్టీల వాళ్లూ చూశారు.

మరి ఆ తర్వాత? పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. బీఆర్ఎస్ గగ్గోలు పెట్టింది కానీ, 2018లో 88 సీట్లు గెలిచాక కూడా ఆ పార్టీ చేసింది ఇదే. 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మందిని 2019 జూన్‌లో విలీనం చేసేసుకుంది. కాంగ్రెస్‌కు ప్రతిపక్ష హోదా పోయింది. ఆసుపత్రికి వెళ్లి పలకరించడం తేలిక. చేతికందిన ఎమ్మెల్యేను 'వద్దు, నీ పార్టీలోనే ఉండు' అనడం కష్టం. అసలు పరీక్ష అక్కడే.

'వాళ్లు మమ్మల్ని వదిలారా?'

ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. 2024 పోలింగ్ తర్వాత పల్నాడు, తాడిపత్రి, చంద్రగిరిలో జరిగిన హింస అందరూ చూశారు. ఫలితాలు వచ్చాక కూడా 15 రోజుల పాటు 25 కంపెనీల కేంద్ర బలగాలను ఏపీలోనే ఉంచాలని ఎన్నికల సంఘం చెప్పింది. గెలిచినవాళ్ల సంబరానికి ఓడినవాళ్లు భయపడతారని ముందే ఊహించారన్నమాట! ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకేముంది?

దెబ్బ తిన్నవాడికి న్యాయం కావాలి. తప్పు చేసినవాడు మంత్రి అయినా, అధికారి అయినా తప్పించుకోకూడదు. అయితే ఆ జాబితా ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. లోకేశ్ పాదయాత్రలో మొదలైన 'రెడ్ బుక్' మాట ఇప్పుడు ఊళ్లలో ఫ్లెక్సీల దాకా వచ్చింది. కేసు నిజంగా బలమైనదైనా సరే, 'రెడ్ బుక్‌లో పేరుంది కాబట్టే' అని అవతలి వాళ్లు చెప్పుకోవడానికి వీలైంది. అంటే హుందాగా లేకపోవడం వల్ల ముందు దెబ్బతినేది ప్రభుత్వం పెట్టిన కేసే. జగన్ హయాంలో చంద్రబాబు అరెస్టు కూడా అంతే కదా. అవినీతి కేసుగా మొదలై, జనం నోట్లో కక్షగా మారింది. తర్వాత ఏమైందో బ్యాలెట్ చెప్పింది.

ఖాళీ కుర్చీల సభ

దీనంతటి ఖర్చు ఎవరి మీద పడుతోంది? 2017 చివర్లో ఫిరాయింపులపై నిరసనగా వైసీపీ అసెంబ్లీని బహిష్కరించింది. 2021లో చంద్రబాబు బయటికొచ్చారు. 2024 తర్వాత ప్రతిపక్ష హోదా కోసం జగన్ పట్టుబట్టి సభకు దూరమయ్యారు. వరుసగా మూడు అసెంబ్లీలు, మూడుసార్లూ ప్రతిపక్షానికి పెద్ద తలకాయ లేని సభ. తెలంగాణలోనూ కేసీఆర్ సభకు వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

175 మంది సభలో పది శాతం అంటే 18. వైసీపీకి 11. ఆనవాయితీ ప్రకారం హోదా రాదని కూటమి అంటోంది. చట్టంలో పది శాతం అన్న మాటే లేదని వైసీపీ అంటోంది, హైకోర్టుకూ వెళ్లింది. 2014లో లోక్‌సభలో 44 సీట్ల కాంగ్రెస్‌కూ హోదా దక్కలేదు. అయితే ఢిల్లీలో 2015లో 70కి 67 గెలిచిన ఆమ్ ఆద్మీ పార్టీ, కేవలం ముగ్గురున్న బీజేపీకి ప్రతిపక్ష హోదా ఇచ్చింది. ఆ నేత విజేందర్ గుప్తా. ఆ తర్వాత అదే సభలో ఆయన్ను మార్షల్స్ ఎత్తుకెళ్లి బయట పడేశారు, అది వేరే ముచ్చట. 2025లో ఢిల్లీ అసెంబ్లీ స్పీకర్ కుర్చీలో కూర్చున్నది ఆయనే!

హోదా ఇచ్చి ఉంటే కూటమికి పోయేదేంటి? 164 మందికి ఎదురుగా 11 మంది. ఒక గది, ఒక కారు, కేబినెట్ ర్యాంకు, మాట్లాడటానికి కాస్త టైమ్. ఇవ్వకపోవడంతో సభకు రాకపోవడానికి జగన్‌కు ఒక కారణం దొరికింది. అలాగని ఆయన వైపు తప్పు లేదా అంటే ఉంది. పులివెందుల జనం ఆయనకు ఓటేసింది హోదా కోసం కాదు, తమ తరఫున సభలో మాట్లాడాలని. 2025 ఫిబ్రవరి 24న గవర్నర్ ప్రసంగానికి వైసీపీ ఎమ్మెల్యేలు వచ్చారు, నినాదాలు చేసి కాసేపటికే వెళ్లిపోయారు. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే సభ్యత్వం పోయే ప్రమాదం ఉందన్న చర్చ జోరుగా నడుస్తున్న రోజులవి.

ఆ సమావేశాల్లోనే రాష్ట్ర బడ్జెట్ కూడా వచ్చింది. పద్దులపై చర్చ జరిగింది, ప్రశ్నలు అడిగినవాళ్లూ కూటమి సభ్యులే, జవాబు చెప్పినవాళ్లూ కూటమి మంత్రులే. కోటీ 30 లక్షల ఓట్ల తరఫున అడిగే కుర్చీలు మాత్రం ఆ రోజుల్లో ఖాళీగానే ఉన్నాయి.