చేపయు మంచుగడ్డయు

నెల్లూరు సీమలో మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె మొదలగు తీరగ్రామములయందు పడవలు ఒడ్డు చేరిన వెంటనే బేరము మొదలగును. ఆ బేరమున అమ్మువానికి తొందర యెక్కువ, కొనువానికి లేదు. ఏలయన చేప ప్రాణము పోయిన క్షణమునుండియే చెడనారంభించును. వేసవి యెండలో కొన్ని గంటలు గడచినచో దానిని ఎవరును ముట్టరు. మంచుగడ్డ చేతనున్నవాడు మరునాటివరకు వేచియుండగలడు. లేనివాడు అడిగిన ధరకే యిచ్చివేయవలెను.

పూర్వము ఈ చిక్కునకు ఉప్పే మందు. ఎండుచేప పేదయింటి కూటికి రుచి నిచ్చినది. దానిని చిన్నచూపు చూచుట తగదు. నెల్లూరు చేపల పులుసు మరునాడే యెక్కువ రుచియని అందురు. అది చింతపండు చేసిన మేలు. అయినను పచ్చిచేపను పచ్చిచేపగానే నిలుపగలిగినది చల్లదనమొక్కటే.

1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అను అమెరికా వర్తకుడు, చలికాలమున గడ్డకట్టిన నీటిని కోయించి, బోస్టను రేవునుండి కలకత్తాకు 180 టన్నుల మంచును ఓడపై పంపెను. నాలుగు నెలల ప్రయాణమున కరిగినది కరుగగా సుమారు 100 టన్నులు మిగిలెను. 1842లో చెన్నపట్టణపు కడలియొడ్డున అట్టి మంచును దాచుటకు ఐస్‌హౌస్ కట్టబడెను. 1897లో వివేకానందస్వామి కొన్నాళ్లు బసచేసిన భవనమదియే. నెల్లూరు అప్పుడు మద్రాసు రాజధానిలోని జిల్లా. కాని ఆ మంచు దొరల పానీయములను చల్లబరచినదే గాని జాలరి గంపను చేరలేదు.

క్రొత్తకుండలోని నీరు ఏల చల్లబడును? కుండ గోడలనుండి ఊరిన తడి ఆవిరియగుచు లోపలి వేడిని తీసికొనిపోవును. శీతలయంత్రము చేయునదియు ఇదియే. కుండ తడి గాలిలో కలిసినచో తిరిగి రాదు; యంత్రము ఆ ఆవిరిని పట్టి, అదిమి, వేడిని వెలికి పంపి, మరల ద్రవముగ మార్చును. 1834లో జేకబ్ పెర్కిన్సు లండనులో ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందెను. 1870 తరువాత జర్మనీ దేశీయుడు కార్ల్ లిండే అమ్మోనియాతో దానిని పరిశ్రమలకు పనికివచ్చునట్లు తీర్చెను. మంచు ఓడల వ్యాపారము క్రమముగ అంతరించెను.

నేడు నెల్లూరు జిల్లాలో పెంచిన రొయ్యలు సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో అమెరికా వరకు పోవుచున్నవి. అదే తీరమున గంప నెత్తిన పెట్టుకొని వీధివీధి తిరుగు స్త్రీకి తడిగోనెయే శీతలయంత్రము. 1842 నాటి తీరు పూర్తిగ మారినదని ఎట్లు చెప్పవచ్చును?

మంచువలన మంచి చేపలన్నియు పట్టణములకు పోయి, పట్టినవాని యింట మిగులుట లేదని కొందరందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని చేపను ఊరిలో నిలుపుటకు దానిని కుళ్లనిచ్చుట ఉపాయము కాదు. చూడవలసినది మంచు ఎవరి చేతనున్నదని. అప్పును, ఐసును వర్తకుడే యిచ్చునపుడు ధరయు అతడే చెప్పును. కావున ఐసుగది జాలరుల సహకారసంఘము చేతిలో, పడవలు నిలుచు చోటనే ఉండవలెను. కరెంటు పోయిన రాత్రియు అది నడువవలెను. గంప మోయు స్త్రీకి ఉదయమున రెండు కిలోల మంచుగడ్డ చౌకగ దొరకినచో, మధ్యాహ్నమునకు మిగిలిన చేపను సగము ధరకు వదలుకొనక సాయంకాలపు బేరమునకు నిలుపుకొనగలదు.