జాతర ఎండకు ఏ రీలు కెమెరా?

తిరుపతి గంగమ్మ జాతరలో తోటి వేషం కట్టేవాళ్లు ఒళ్లంతా బొగ్గు పూసుకుంటారు. మే నెల మధ్యాహ్నం, నడినెత్తిన ఎండ. మొహం నల్లగా, కళ్ల దగ్గర ఇంకా చీకటి. పట్టపగలైనా ఫ్లాష్ వేయక తప్పదు.

రీలు కెమెరాల మీద మళ్లీ మనసు పడిన కుర్రకారు ‘ప్రొఫెషనల్’ అన్న పేరు చూసి డబ్బు పోసేముందు ఈ ఎండను తలుచుకోవాలి.

నికాన్ ఎఫ్3 ప్రొఫెషనల్ కెమెరా, 1980లో వచ్చింది. 1982 నాటి ఎఫ్ఎం2 దానికి ఒక మెట్టు కింద. అయినా ఫ్లాష్ వేసినప్పుడు ఎఫ్3 షట్టర్ సెకనులో 80వ వంతు దాటదు. ఎఫ్ఎం2కు మొదట్లో 200వ వంతు, 1984 నుంచి 250వ వంతు. 100 ఐఎస్‌ఓ రీలుతో ఆ ఎండలో 250వ వంతుకు లెన్సును ఎఫ్/11 దగ్గర పెడితే సరిపోతుంది. 80వ వంతుకైతే ఎఫ్/16 కూడా చాలదు, ఇంకా మూయాలి. అప్పుడు మూడు మీటర్లు అందుకునే ఫ్లాష్‌కు రెండు మీటర్లు కూడా కష్టమే. పైగా ఎఫ్3 మీద మామూలు ఫ్లాష్ కూర్చోదు. రీలు వెనక్కి చుట్టే పిడి మీద ప్రత్యేకమైన ఫ్లాషో అడాప్టరో బిగించాలి. 36 ఫోటోలు అయిపోగానే, ఆ తోపులాటలో, చాలావరకు దాన్ని ఊడదీస్తే తప్ప రీలు చుట్టడం కుదరదు.

ఎఫ్3 గొప్పతనం వేరే చోట ఉంది. వ్యూఫైండర్‌లో ఫ్రేము నూటికి నూరు శాతం కనిపిస్తుంది, ఎఫ్ఎం2లో 93 శాతమే. తిరుమల గరుడ సేవ నాడు గొడుగుల అంచు దాకా కొలిచి స్లైడ్ ఫిల్మ్ మీద తీసేవాళ్లకు అది నిజంగా విలువైనదే. ప్రింట్లు వేయించేవాళ్లకు మాత్రం అంత పట్టింపు లేదు, ల్యాబ్‌లో అంచులు ఎలాగూ కొంత పోతాయి. ఎఫ్3 ఫైండర్‌ను మార్చుకోవచ్చు కూడా. పైనుంచి చూసే ఫైండర్ తగిలిస్తే కెమెరాను తలకిందులుగా పట్టి, జనం తలల మీదికి ఎత్తి తీయవచ్చు. ఎఫ్ఎం2కు ఆ వీలు లేదు.

సెల్స్ అయిపోతే? ఎఫ్3కు మిగిలేది 60వ వంతు ఒక్కటే. ఎఫ్ఎం2లో మీటరు మాత్రమే ఆగుతుంది, షట్టర్ వేగాలన్నీ యథాతథంగా పనిచేస్తాయి.

జాతరకు వెళ్లేవాళ్లకు ఎఫ్ఎం2 చాలు. డబ్బు మిగిలితే నాలుగు రీళ్లు ఎక్కువ కొనుక్కోవచ్చు. రెండింటి మీటర్లూ బొగ్గునూ బైరాగి వేషం తెల్లని నామకొమ్మునూ ఒకే బూడిద రంగుగా లెక్కగడతాయి. తోటి వేషానికి ఒక స్టాప్ తగ్గించాల్సిందీ, బైరాగికి ఒక స్టాప్ పెంచాల్సిందీ తీసే మనిషే.