నవ్వు హీరో మీదే పడాలి

తెలుగు సినిమాలో కుర్రకారు కథలకు ఎప్పుడూ కరువు లేదు. 2000లో తేజ ‘చిత్రం’, 2007లో శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ వచ్చి, కొత్త ముఖాలను పెట్టినా జనం థియేటర్‌కు వస్తారని చూపించాక ఆ దారిన నడిచినవాళ్లు లెక్కలేనంతమంది. అయినా ఇలాంటి కథ రాద్దామని కూర్చున్న కొత్త రచయిత చెప్పే లైను చాలాసార్లు ఒకేలా ఉంటుంది: ఒక కాలేజీ, నలుగురు ఫ్రెండ్సు, ఒక ప్రేమ, చివర్లో కన్నీళ్ల ఫేర్‌వెల్. ఇందులో చోటుంది, వయసుంది, కథ మాత్రం లేదు. ఎదిగే వయసు మీద అల్లే హాస్యకథకు విత్తనం, ఆ కుర్రాడో కుర్రదో తన గురించి తాను పెట్టుకున్న ఒక తప్పుడు నమ్మకం. ఆ నమ్మకం ఎవరిదైతే కథ వాళ్లదే, నవ్వు కూడా వాళ్ల మీదే పడాలి. మన స్క్రిప్టులు ఎక్కువగా తప్పుతున్నది ఈ రెండో షరతు దగ్గర.

దీనికి మన దగ్గర పాత సాక్ష్యమే ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924 నాటిది. బారిస్టరు చదవడానికి మొగల్తూరు నుంచి సీమకు బయల్దేరిన పార్వతీశానికి తనకు లోకం బాగానే తెలుసని ధీమా. ఆడవాళ్ల టోపీ కొనుక్కుని దొరలా తయారయ్యాననుకున్నప్పుడు పాఠకుణ్ణి నవ్వించేది ఆ ధీమాయే. పైగా ఈ సంగతులన్నీ చెప్పుకొచ్చేది పార్వతీశమే. తన వెర్రిబాగులతనాన్ని తానే దాపరికం లేకుండా చెబుతుంటే మనం నవ్వుతూనే అతని పక్షాన చేరిపోతాం. స్క్రీన్‌ప్లే రాసేవాళ్లకు ఇక్కడ ఒక పద్ధతి దొరుకుతుంది. జరగబోయేది పాత్రకన్నా ప్రేక్షకుడికి ఒక అడుగు ముందే తెలియాలి, మనసు మాత్రం పాత్ర దగ్గరే ఉండాలి. రెండూ ఉంటే హాస్యం పుడుతుంది. మొదటిది ఒక్కటే ఉంటే మిగిలేది వెక్కిరింత.

మన కమర్షియల్ సినిమా ఈ పనిని ఇద్దరికి పంచిపెట్టింది. తిట్లు, తన్నులు, నలుగురిలో నవ్వులపాలవడం పక్కనున్న ఫ్రెండు వంతు. ప్రేమ, పాట, బరువైన డైలాగు హీరో వంతు. కామెడీ ట్రాక్‌ను విడిగా రాసుకుని సీన్ల మధ్య ఇరికించే అలవాటు ఈ పంపకాన్ని ఇంకా గట్టిపరిచింది. చివరికి పరువు పోయేవాడికి కథ ఉండదు, కథ ఉన్నవాడికి పరువు పోదు. ఒకసారి పరువు పోతేగానీ ఏ కుర్రాడూ పెద్దవాడు కాడు. అలాగని హీరోను వెర్రివాణ్ణి చేసినంత మాత్రాన సరిపోదు. ‘జాతిరత్నాలు’ (2021)లో జోగిపేట కుర్రాళ్లు ముగ్గురూ మొదటి నుంచి చివరిదాకా నవ్వించారు, మొదట్లో ఎలా ఉన్నారో చివర్లోనూ అలాగే ఉన్నారు. ఆ సినిమాకు అదే అందం, అది ఎదిగే కథ కావాలని అనుకోనూ లేదు. అదే ఏడాది ఆహాలో వచ్చిన ఉదయ్ గుర్రాల ‘మెయిల్’ వేరే రకం. ఊళ్లోకి కంప్యూటర్ కొత్తగా వచ్చిన రోజుల్లో, కంబాలపల్లి కుర్రాడికి లాటరీ తగిలిందని ఒక మెయిల్ వస్తుంది. అది మోసమని ఇవాళ చూసే ప్రతి ఒక్కరికీ తెలుసు, వాడికి తెలియదు. డబ్బు కూడబెట్టడానికి వాడు పడే తంటాలు నవ్విస్తుంటాయి, వాటితోపాటే వాడు పోగొట్టుకోబోయేదీ పెరుగుతుంటుంది. నవ్వూ నష్టమూ ఒకే సీనులో ఉంటే విడిగా ట్రాక్‌తో పనేముంది?

ఈ లెక్కన ఒక కొత్త లైను అల్లి చూద్దాం. గుంటూరు జిల్లా పల్లెటూరి అమ్మాయి, పదో తరగతిలో స్కూల్ ఫస్ట్. సెంటర్లో ఆమె ఫొటోతో ఫ్లెక్సీ వేశారు. తాను పుట్టుకతోనే ర్యాంకరునని ఆ పిల్ల నమ్మేసింది. విజయవాడ కార్పొరేట్ కాలేజీలో మొదటి వీకెండ్ టెస్టు అయ్యేసరికి ఆమెను తీసుకెళ్లి చివరి సెక్షన్‌లో వేశారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మొదటి అబద్ధం చెబుతుంది. మురిసిపోయిన నాన్న ఊరంతా చెబుతాడు. ఔటింగ్‌కి తీసుకెళ్లడానికి వచ్చిన బాబాయి తన కొడుకు ట్యూషన్‌కి ఆమె సలహా అడుగుతాడు. ఆ సలహాకి ఊళ్లో గిరాకీ పుడుతుంది. ఇంటర్వెల్‌కు కాలేజీ వాళ్లే అడ్మిషన్ల కోసం ఆమె ఊరికి వస్తున్నారని తెలుస్తుంది. ఇందులో విలన్ అక్కర్లేదు, ప్రేమ కూడా తప్పనిసరి కాదు. ప్రతి మెట్టూ ఆ ఒక్క నమ్మకం నుంచే వస్తోంది గనక, ఏ సీను ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చుకోవడం తేలిక. ముగింపూ అందులోనే ఉంది. ఆమెకు ర్యాంకు తెప్పిస్తే గెలిచేది ఫ్లెక్సీ. ర్యాంకు లేని తనను తాను నలుగురి ముందు ఒప్పుకోగలిగితే గెలిచేది ఆమె. అమ్మాయినే ఎందుకు ఎంచుకోవాలంటే, మన యూత్ సినిమాల్లో తెలివితక్కువగా ప్రవర్తించి, తప్పు తెలుసుకునే హక్కు ఎక్కువగా మగపిల్లలదే. అమ్మాయి వాళ్లకు దక్కే బహుమానంగానే మిగిలింది.

ఇక్కడ ఒక ఆకర్షణ రచయితను పక్కదారి పట్టిస్తుంది, అదే జ్ఞాపకాల జాబితా. దూరదర్శన్, ల్యాండ్‌లైన్, ప్రోగ్రెస్ కార్డు చూపిస్తే చాలు, చూసేవాళ్లు కరిగిపోతారనే భరోసా. 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ను అంతమంది సొంతం చేసుకోవడానికి కారణం ఆ వస్తువులేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ సిరీస్‌ను మోసింది లెక్కల మాస్టారైన తండ్రికీ, చదువు అంతగా అబ్బని చిన్న కొడుక్కీ మధ్యనున్న దూరం. ఆ దూరం లేకుంటే వస్తువులెన్ని ఉన్నా అది పాత సామాన్ల కొట్టులాగే ఉండేది. కాలాన్ని చూపించాలంటే ఆ కాలం పిల్లల చేత ఏం నమ్మించిందో చూపించాలి.

రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది మార్కెట్: హీరో మీద నవ్వితే టికెట్లు తెగుతాయా? పేరున్న హీరో ఇమేజ్‌ను కాపాడుకోవాల్సిన సినిమాకు ఆ భయం న్యాయమే. ఎదిగే వయసు కథకు మాత్రం ఆ భారం అక్కర్లేదు. 2025 సెప్టెంబరులో వచ్చిన ‘లిటిల్ హార్ట్స్’లో హీరో ఎంసెట్ గట్టెక్కలేక లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు చేరినవాడు. స్టార్లెవరూ లేని ఆ చిన్న సినిమా థియేటర్లలోనే బాగా ఆడింది. రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. మార్కుల ఒత్తిడితో పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న రాష్ట్రాల్లో, ఫెయిలైన పిల్ల మీద నవ్వడం దయలేనితనం కాదా? పిల్ల రంగు మీదో యాస మీదో పేదరికం మీదో నవ్వితే ముమ్మాటికీ దయలేనితనమే, అలాంటి కామెడీ మనం చూశాం కూడా. పైన చెప్పిన కథలో ఆ అమ్మాయి నమ్మకం ఆమె సొంతంగా పుట్టించుకున్నది కాదు. ఫ్లెక్సీ, కాలేజీ, ఊరు కలిసి ఆమె నెత్తిన పెట్టినది. అది జారిపడుతుంటే నవ్విన ప్రేక్షకుడు నవ్వేది దాన్ని పెట్టినవాళ్ల మీద, వాళ్లలో తానూ ఉన్నానని కాసేపటికి అతనికే తెలుస్తుంది. ఏడిపించే సినిమా అతన్ని జాలితో వదిలేస్తుంది. ఈ నవ్వు అంత తేలిగ్గా వదలదు.

అందుకే కథ వినే నిర్మాత ‘హీరో ఎవరు, కామెడీ ఎవరితో చేయిస్తున్నారు’ అని రెండు ప్రశ్నలు అడగడం మానాలి. ఈ పిల్ల తన గురించి ఏమనుకుంటోంది, అందులో అబద్ధమెంత, ఆ అబద్ధం వల్ల ఎవరికి లాభం అని అడగాలి. రెండు వాక్యాల్లో జవాబు చెప్పలేని రచయిత డైలాగుల జోలికి పోకుండా ఆ లైను దగ్గరే ఇంకొన్నాళ్లు కూర్చోవడం మేలు.